64 రోమన్ నాణేలకు మళ్ళీ మొదటినుంచి ఫోటోలు తీయాలా? వెండివి అసలు పడట్లా

పెన్నా_గట్టు
నా దగ్గర 64 రోమన్ నాణేలు ఉండాయి, అన్నీ బిల్లులున్నవే, పదిహేనేళ్ళుగా ఒక్కోటి ఒక్కోటి కొనుక్కున్నవి. వెండి దీనారాలు ఇరవై రెండు, మిగతావి చాలావరకు నాలుగో శతాబ్దం నాటి చిన్న రాగి నాణేలు, కాన్‌స్టంటైన్ చక్రవర్తి కుటుంబానివి. 2013లో ఒక ఆదివారం కూర్చుని అన్నిటికీ ఒకేసారి ఫోటోలు తీసేశా, హాల్లో ట్యూబులైటు కింద, టేబుల్ మీద పసుపు గుడ్డ పరిచి. అప్పుడు బాగానే ఉన్నాయనిపించింది. మొన్న ఒకాయన నీ దగ్గర ఫౌస్టినా దీనారం ఉందంట కదా ఒకసారి ఫోటో పంపు అన్నాడు, తెరిచి చూసుకుంటే మనసు చివుక్కుమంది. రాణి ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ, చుట్టూ పసుపు. అది చేతిలో పట్టుకుంటే ఎంత అందంగా ఉంటదో నాకు తెలుసు, ఫోటోలో దాంట్లో పదో వంతు కూడా లేదు.

సరే అన్నీ మళ్ళీ తీద్దామని ఒక పాత డీఎస్ఎల్ఆర్, 100 ఎంఎం మాక్రో లెన్సు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. శనివారం రాత్రి మూడు గంటలు కూర్చుంటే నాలుగు నాణేలు అయినాయి, నాలుగూ బాగలేవు. వెండి మీద లైటు కొడతా ఉంది, లైటు తగ్గిస్తే బొమ్మ చదునుగా బిళ్ళ మాదిరి పడతా ఉంది, పైగా ట్రైపాడ్ మీద పెట్టి తీసినా మసక. ఎవరన్నా మొత్తం సేకరణ మళ్ళీ తీసినోళ్ళు ఉన్నారా, అసలు ఆ కష్టం పడాల్నా?

కావలి_లెన్స్
మసకకి ఒక ప్రశ్న. ఫ్యాన్ తిరగతా ఉందా?

పెన్నా_గట్టు
తిరగతా ఉంది. మిద్దె మీద గది, నెల్లూరు, రోహిణి కార్తె. ఫ్యాన్ ఆపితే పది నిమిషాలు కూర్చోలేం.

కావలి_లెన్స్
అదే రోగం. ఇంత దగ్గర్లో మాక్రో తీసేటప్పుడు వెంట్రుకంత కదిలినా ఫోటో పోతది. ఫ్యాన్ గాలికి ట్రైపాడ్ ఊగతది, మిద్దె స్లాబు కూడా సన్నగా వణుకుతా ఉంటది. కింద గదిలో, నేల మీద, ఫ్యాన్ ఆపి తీయి. షట్టర్ వేలితో నొక్కొద్దు, రెండు సెకన్ల టైమర్ పెట్టు. ఐఎస్ఓ 100, లెన్సు తెరుపు (అపర్చర్) ఎఫ్8 నుంచి ఎఫ్11 మధ్యలో ఉంచు, ఇంకా మూసి ఎఫ్22కి పోతే లోతు పెరిగినట్టు ఉంటది గానీ మొత్తం మెత్తబడిపోతది. ఇంకోటి, చౌక ఎల్ఈడీ బల్బులు కరెంటుతోపాటు సెకనుకి వంద సార్లు మినుకుతాయి, మన కంటికి తెలీదు కెమెరాకి తెలుసు, చారలు పడితే షట్టర్ 1/50 గానీ ఇంకా నిదానంగా గానీ పెట్టు.

ఉలవపాడు_సపోటా
రోహిణి కార్తెలో ఫ్యాన్ ఆపి తీసినోడికి రోమన్ సామ్రాజ్యం వాళ్ళే ఒక పతకం కొట్టించి ఇయ్యాల

మైపాడు_అల
ఇంత తతంగం ఎందుకన్నా, నేను ఫోన్‌లోనే తీస్తా. బాగా దగ్గరికి పోకుండా కొంచెం దూరంనుంచి జూమ్ లెన్సుతో తీస్తే అదిరిపోద్ది, నాణెం మీద ఫోన్ నీడ కూడా పడదు

దీనారి_మాషకం
ఫోన్‌తో చూపించుకోడానికి బాగుంటది తమ్ముడూ, కాదన్ను. కానీ ఫోన్ తనంతట తానే అంచులు పదును చేసేస్తది, నున్నటి చోట లేని గీత పుట్టిస్తది, ఉన్న గరుకు తుడిచేస్తది. పోత పోసిన నకిలీని పట్టించేవి ఆ చిన్న చిన్న బుడగలూ, అంచు చుట్టూ ఉండే అతుకు గీతే. అవి పోతే ఫోటో ఉండీ ఏం లాభం. రా ఫైల్‌లో, అంటే కెమెరా ఏమీ దిద్దని ఫైల్‌లో తీయమనేది అందుకే.

మైపాడు_అల
ఇప్పుడు ఫోన్‌లో కూడా రా వస్తది అన్నా

దీనారి_మాషకం
వస్తే అందులో తీయి, నాకేం గొడవ లేదు.

రాతిపలక
బ్యాక్‌గ్రౌండ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంది. ఆ పసుపు గుడ్డ తీసేయండి ముందు, ఆ రంగే వెండిలోకి ఎక్కింది. మా మార్కాపురం పలక తెచ్చుకోండి, చట్రం లేని రాయి ముక్క అయితే మరీ మంచిది. నల్లగా బూడిద రంగులో ఉంటది, మెరవదు, రాగి నాణేనికీ వెండి నాణేనికీ రెండిటికీ కుదురుతది. నేను అయిదేళ్ళుగా అదే వాడతా ఉన్నా. కానీ నాణేన్ని రాయి మీద జరపొద్దు, ఎత్తి పెట్టండి, గీసుకుంటది.

చీమకుర్తి_నలుపు
నేను మా గెలాక్సీ గ్రానైట్ మీద ట్రై చేసి మూడు రోజులు పోగొట్టుకున్నా. ఆ రాయిలో బంగారు చుక్కలు ఉంటాయి కదా, ప్రపంచమంతా వాటికోసమే కొంటారు, ఆ చుక్కలే ఫోటోలో నాణెం కంటే ఎక్కువ మెరిసినాయి. మా చీమకుర్తి రాయికి మార్కాపురం పలక చేతిలో ఓటమి ఒప్పుకుంటున్నా

రాతిపలక
చరిత్రలో రాసి పెట్టుకుంటా ఈ మాట

వెంకటగిరి_అంచు
నేను నగల షాపులకి ఫోటోలు తీస్తా, నాణేలు కాదు గానీ బాధ ఒకటే. నాణేన్ని నేరుగా దేనిమీదా పెట్టకండి, కింద ఒక పెన్ను క్యాప్ లాంటిది నిలబెట్టి దాని మీద పెట్టండి, అంగుళం పైకి లేస్తే చాలు వెనకది మొత్తం మసకైపోయి నాణెం గాల్లో తేలినట్టు ఉంటది, చుట్టూ నీడ కూడా ఉండదు. ఇక లైటు... దీపం బయటికి కనపడకుండా ముందు బటర్ పేపర్ కట్టండి, రెండు దీపాలు, ఒకటి గడియారంలో పది దగ్గర, ఒకటి రెండు దగ్గర. మెరుపు పోతది.

కావలి_లెన్స్
ఇక్కడ నేను ఒప్పుకోను. నగకి మెరుపు కావాలి, నాణేనికి గట్టు కావాలి, అంటే బొమ్మ ఎత్తుపల్లాలు కనపడాల. రెండు మెత్తటి దీపాలు రెండు పక్కలా పెడితే ఒకదాని నీడని ఇంకోటి తినేస్తది, బొమ్మ చదునైపోతది, పెన్నా_గట్టు చెప్పిన బిళ్ళ అదే. ఒకటే దీపం, పదకొండు దగ్గర, కొంచెం ఎత్తులో, అవతల పక్క తెల్ల అట్టముక్క నిలబెట్టు, అంతే. ముక్కు నీడ కిందికి పడాల, అప్పుడే మనిషి ముఖంలా ఉంటది. కిందనుంచి వెలుగు పడితే గుంటలు గట్లుగా, గట్లు గుంటలుగా కనపడతాయి, చూసేవాడి కన్ను మోసపోద్ది.

వెంకటగిరి_అంచు
ఒకటే దీపం పెడితే గడ్డం కింద అక్షరాలు చీకట్లో పోతాయి కదండీ. చదవలేకపోతే ఏం లాభం?

కావలి_లెన్స్
అట్ట దగ్గరికి జరపండి, చీకటి పోద్ది. నాణెం నాణేనికీ మారతది మేడమ్, అరిగిపోయినదానికి దీపం కిందికి దించాలి, కొత్తగా ఉన్నదానికి పైకి లేపాలి. 64 నాణేలకి ఒకే సెటప్ అనుకుంటే 64 పాడవుతాయి.

వెంకటగిరి_అంచు
అది నిజమే. నగలకీ అంతే.

పెన్నా_గట్టు
నాణెం సమంగా లేక ఒక పక్క ఫోకస్, ఒక పక్క మసక వస్తా ఉంది, అదెట్టా సరిచేస్తారు? కంటికి సమంగానే ఉంది.

కావలి_లెన్స్
పౌడర్ డబ్బా అద్దం ఉంటది చూడు, నాణెం పెట్టే చోట ఆ అద్దం పెట్టు. కెమెరాలో చూస్తే నీ లెన్సు నీకే కనపడతది. ఆ గుండ్రం సరిగ్గా ఫ్రేము నడిమధ్యకి వచ్చేదాకా కెమెరా తిప్పు. వచ్చిందంటే ఇక లెన్సు నిట్టనిలువుగా ఉన్నట్టే, ఏ స్పిరిట్ లెవెలూ అక్కర్లా.

చీమకుర్తి_నలుపు
ఈ అద్దం ముక్క ఒక్కటి చాలు ఈ చర్చ మొత్తానికి. పదేళ్ళుగా కంటితో సరిచూసుకుంటా ఉన్నా

దీనారి_మాషకం
పెన్నా_గట్టు, నీ కెమెరా క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) అయితే దీనారం 1:1లో, అంటే సెన్సర్ మీద అసలు సైజులో పట్టదు, ఆ సెన్సర్ ఎత్తు 16 ఎంఎం లోపే, దీనారం 18, 19 ఉంటది. కొంచెం వెనక్కి జరుగు. ఇంకో పని, ఎట్టాగూ ప్రతి నాణేన్నీ చేతిలోకి తీస్తావు కాబట్టి బరువు, వ్యాసం, డై యాక్సిస్ (ముందు బొమ్మకి వెనక బొమ్మ ఎటు తిరిగి ఉందో) మూడూ రాసి పెట్టుకో. ముందు బొమ్మ నిటారుగా పట్టుకుని పక్కకి తిప్పితే వెనక బొమ్మ తలకిందులుగా ఉంటే 6 గంటలు, నిటారుగా ఉంటే 12. రోమన్ చక్రవర్తుల నాణేలు చాలావరకు ఈ రెంటి దగ్గరే ఉంటాయి. బరువు కూడా ఊరికే కాదు, అగస్టస్ దీనారం 3.9 గ్రాముల దాకా ఉంటే నీరో క్రీ.శ. 64లో తగ్గించినాక 3.4కి దిగింది, నీ నాణెం ఆ లెక్కకి బాగా దూరంగా ఉంటే మళ్ళీ చూడాల్సిన నాణెం అన్నమాట.

ఉలవపాడు_సపోటా
నాది ఒక బాధ చెప్పుకుంటా. నా దగ్గర కాన్‌స్టంటైన్ కాలం రాగి నాణెం ఉండేది, తోడేలు ఇద్దరు పిల్లలకి పాలిచ్చే బొమ్మ, పైన రెండు నక్షత్రాలు. ముదురు ఆకుపచ్చ రంగు, నల్లేరు కాడలాగా. ఫోటో కోసం తీసి వంటింటి గట్టు మీద పెట్టి ఫోన్ వస్తే బయటికి పోయినా. వచ్చేసరికి మా అమ్మ పూజ సామాన్లతోపాటు దాన్నీ చింతపండు వేసి తోమేసింది. కొత్త రాగి చెంబు లాగా తళతళా. అమ్మ ఎంత సంతోషంగా చూపించిందో, నేనేం అనలేకపోయినా. పదహారు వందల ఏళ్ళకి పైగా పట్టిన రంగు రెండు నిమిషాల్లో పోయింది

పెన్నా_గట్టు
అయ్యో. ఫోటో ఏమన్నా ఉందా పాతది?

ఉలవపాడు_సపోటా
కొన్నప్పుడు వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫోటో ఒకటి. ఇప్పుడు అదే దాచుకున్నా

గుండ్లకమ్మ_ఒడ్డు
సపోటా గారు చెప్పినదాన్ని బట్టే నేనూ ఒక మాట అంటా. పెన్నా_గట్టు గారూ, కొత్తవి తీశాక పాత పసుపు ఫోటోలు తీసేస్తారేమో, దయచేసి తీసేయకండి. నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరయినవాణ్ణి. నా దగ్గర రెండో కాన్‌స్టాంటియస్ రాగి నాణెం ఉంది, సైనికుడు గుర్రం మీదనుంచి పడిపోతున్న శత్రువుని పొడిచే బొమ్మ, 348 తర్వాత కొట్టిన రకం. 2016లో ఒక ఫోటో తీశా, నాసిరకం ఫోటోనే. 2022లో మళ్ళీ తీసినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గుర్రం తోక వెనక లేత ఆకుపచ్చ పొడి, ఆవగింజంత. 2016లో అక్కడ ఏమీ లేదు. కంటితో రోజూ చూస్తున్నవాణ్ణి, నాకు తెలియలేదు, నెమ్మదిగా పెరిగేది రోజూ చూసేవాడికి కనపడదు.

అది బ్రాంజ్ డిసీజ్. లోపల ఇరుక్కున్న క్లోరైడ్ గాలిలో తేమ తగిలితే రాగిని తింటూ పోతుంది, ఆగదు. మనది సముద్రం పక్క జిల్లా, ఉప్పుగాలి, వానాకాలం తేమ, రెండూ దానికి అనుకూలం. ముదురు రంగులో గట్టిగా ఉన్న పచ్చదనం మంచిదే, అది పాటినా, దాన్ని ముట్టుకోకూడదు. లేతగా, పొడిపొడిగా, పుల్లతో అంటే రాలేది జబ్బు. నేను ఆ పొడి వెదురు పుల్లతో గీకి, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ వారాల తరబడి ఉంచి, బాగా ఆరబెట్టి, ఇప్పుడు సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టా. మూడేళ్ళయింది, మళ్ళీ రాలేదు. మిగతా నాణేలకి దూరంగానే ఉంచుతున్నా.

రాతిపలక
సార్, మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే కూడా పచ్చగా జిగురు వస్తది కదా, అదీ ఇదేనా?

గుండ్లకమ్మ_ఒడ్డు
కాదు, అది వేరు. పీవీసీ కవరు మెత్తగా ఉండటానికి కలిపేవి కాలక్రమాన బయటికి కారతాయి, నాణేనికి జిగటగా అంటుకుంటుంది. అసిటోన్‌తో పోతుంది, గోళ్ళరంగు తీసే సీసా కాదు, శుద్ధమైన అసిటోన్, కిటికీలు తెరిచి, మంటకి దూరంగా. ఆ కవర్లు పారేసి మైలార్‌వి (పీవీసీ లేని ప్లాస్టిక్) తీసుకోండి.

పెన్నా_గట్టు
నా 64లో నలభై దాకా ఆ మెత్తటి కవర్లలోనే ఉండాయి సార్. ఈ రాత్రికే తీసేస్తా. పాత ఫోటోలు కూడా అట్టాగే ఉంచుతా, మంచి మాట చెప్పినారు.

మైపాడు_అల
ఒక డౌటు. ఫోటోల్లో రంగు కొంచెం పెంచితే తప్పా? వెండి మీద నీలం, గులాబీ రంగు ఉంటది కదా, అది పెంచితే చూడటానికి సూపర్ ఉంటది

దీనారి_మాషకం
తప్పే. అమ్మేవాళ్ళు అదే చేసి నాకు ఒకసారి బూడిద రంగు నాణేన్ని ఇంద్రధనుస్సు చేసి అంటగట్టారు. మనం మన నాణేనికి అబద్ధం చెప్పకూడదు.

వెంకటగిరి_అంచు
మరీ అంత గట్టిగా కాదు గానీ, ఒక గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) కొని మొదటి ఫోటో దాంతో తీసి వైట్ బ్యాలెన్స్ దానికే కట్టేస్తే ఆ పూట మొత్తం రంగు సరిగ్గా వస్తది. దాని తర్వాత పెంచాల్సిన పని ఉండదు.

చీమకుర్తి_నలుపు
పెన్నా_గట్టు అన్నా, నెల్లూరోడివి, ఇంతమంది చక్రవర్తులుంటే నీకు ఆ ఫౌస్టినా మీదే ప్రాణమేంది?

పెన్నా_గట్టు
దీనారి_మాషకం గారు చెప్తే బాగుంటది, ఆయన చెప్పగా విని కొన్న నాణెమే అది.

దీనారి_మాషకం
చెప్తా, నాకిష్టమైన సంగతి. మద్రాసులో గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో రాసిన ఉత్తరం ఒకటి ఉంది, ఏషియాటిక్ రీసెర్చెస్ రెండో సంపుటంలో అచ్చయింది. నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నతా ఉంటే నాగలి ఇటుకలకి తగిలింది. తవ్వితే చిన్న గుడి తాలూకు శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండ నిండా రోమన్ బంగారు నాణేలు, రెండో శతాబ్దానివి. రైతు ఏం చేస్తాడు, పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా కరిగించేసే ఉంటారని డేవిడ్సన్ రాశాడు. నవాబు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా మిగిల్చగలిగాడు. డేవిడ్సన్ వాటిలోంచి రెండు ఎంచుకున్నాడు, ఒకటి హేడ్రియన్ చక్రవర్తిది, ఇంకోటి ఫౌస్టినాది. ట్రాజన్‌వి కూడా ఉన్నాయని రాశాడు. కొన్ని నిన్న టంకశాలలోంచి వచ్చినంత తాజాగా ఉన్నాయంట, కొన్ని అరిగి, చిల్లులు పొడిచి ఉన్నాయంట, మెళ్ళోనో చేతికో కట్టుకుని ఉంటారని ఆయన అనుకున్నాడు.

నాకు బాధ ఎక్కడంటే, కరిగిపోయినవి ఎవరెవరివో, ఎన్ని ఉన్నాయో చెప్పే జాబితా ఆ ఉత్తరంలో లేదు. ఒక్క బొమ్మ గీసి పెట్టుకున్నా మనకి ఇంకో సంగతి తెలిసేది. తమిళనాడు పుదుక్కోట్టలో 1898లో దొరికిన 501 బంగారు నాణేలు చూడండి, వాటిలో దాదాపు అన్నిటి మీదా చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో గాటు ఉంది. అవి నిలిచినాయి కాబట్టే ఆ గాటు ఎందుకా అని ఇప్పటికీ వాదించుకుంటా ఉన్నాం. నా పేరు కూడా అట్టాంటిదే, నాగార్జునకొండ శాసనంలో ఒక మహాదేవి 170 దీనారి మాషకాలు దానం చేసినట్టు ఉంది. రోములో డెనారియస్, మన రాతి మీద దీనారి.

ఉలవపాడు_సపోటా
ఆ కుండ మా పొలంలో దొరికుంటే అమ్మ దాన్నీ చింతపండుతో తోమేది

రాతిపలక
ఇప్పుడు దొరికితే కలెక్టర్‌కి చెప్పాల అబ్బాయ్, 1878 నిధుల చట్టం ఇంకా ఉంది, పది రూపాయలు దాటిన నిధి ఏదైనా సరే

దీనారి_మాషకం
అవును. కొన్నవాటికి కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి, నూరేళ్ళు దాటిన నాణేన్ని గ్రేడింగ్‌కనో, ఫోటోకనో విదేశాలకి పంపేస్తాం అంటే కుదరదు, 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. అందుకే మన దగ్గరే మంచి ఫోటో ఉండటం అవసరం.

పెన్నా_గట్టు
పన్నెండు రోజులయింది, చెప్తా.

కింద స్టోర్ గదిలో నేల మీద పెట్టుకున్నా. పలక ముక్క మార్కాపురంనుంచి మా బావమరిది తెచ్చిచ్చాడు. పెన్ను క్యాప్, పౌడర్ డబ్బా అద్దం, ఒకటే దీపం, అట్టముక్క. తెల్లవారి నాలుగున్నరకి లేచి ఆరున్నర దాకా తీస్తా, అప్పుడు లారీలు తక్కువ, ఉక్కా తక్కువ. చెమట చేత్తో ముట్టుకోకుండా పక్కన తువ్వాలు పెట్టుకుని ప్రతిసారీ తుడుచుకుని అంచులు మాత్రమే పట్టుకుంటా ఉన్నా, కింద మెత్తటి గుడ్డ పరిచి. రోజుకి అయిదు, ఆరు. ఇప్పటికి 51 అయినాయి. రాగివాటిలో రెండింటికి నేను పదేళ్ళుగా తప్పు పేరు రాసుకున్నానని తెలిసింది, ఇద్దరు సైనికుల మధ్య రెండు జెండాలున్నాయి అనుకున్నది నిజానికి ఒకటే జెండా, అంటే అది 335 తర్వాతది.

ఇక ఫౌస్టినా. మొన్న తీశా. దీపం బాగా కిందికి దించి, పదకొండు దగ్గర. కొప్పు చూడండి, నడినెత్తిన చుట్ట చుట్టి పెట్టింది, దాని చుట్టూ ముత్యాల పేట, ఒక్కో ముత్యానికి ఒక్కో చిన్న నీడ. చెవి పక్కన రెండు వెంట్రుకలు విడిగా. ఇన్నేళ్ళూ నా బీరువాలో ఉంది, ఆ వెంట్రుకలు నేను చూళ్ళేదు.

కానీ ఇంకోటి కనపడింది. తల పైన, అంచుకి దగ్గరగా, సన్నటి గుండ్రం. కందిగింజ కంటే చిన్నది. లోపల వెండి రంగు చుట్టూ ఉన్నదానికంటే పిసరంత తెల్లగా ఉంది. మొదట దుమ్ము అనుకున్నా, బ్రష్‌తో తీస్తే పోలా. నాకు అనుమానంగా ఉంది, చిల్లు పొడిచి ఎప్పుడో పూడ్చినారా?

కావలి_లెన్స్
ఫోటో అదిరింది. ఆ ముత్యాల నీడలకి ఇంకేం చెప్పను.

దీనారి_మాషకం
పూడ్చిన చిల్లే అయి ఉంటది. వెనక చూడు. డై యాక్సిస్ ఎంత రాసుకున్నావు? 6 అయితే వెనక బొమ్మ కాళ్ళ దగ్గర అదే గుండ్రం కనపడాల, 12 అయితే తల దగ్గర.

పెన్నా_గట్టు
6. వెనక పంటల దేవత సీరీస్, చేతిలో కాగడా. ఇప్పుడే ఫోటో తెరిచి చూశా, పాదాల కింద ఉంది. అదే సైజు.

మైపాడు_అల
అమ్మినోడు చెప్పలేదా అన్నా? డబ్బులు వెనక్కి అడుగు

చీమకుర్తి_నలుపు
ఎన్నో ఏళ్ళయింది కొని, ఇప్పుడు ఎవరు ఇస్తారు. కానీ చెప్పకుండా అమ్మడం మాత్రం మోసమే.

వెంకటగిరి_అంచు
విలువ తగ్గుతది, అది వాస్తవం. బాధపడకండి.

పెన్నా_గట్టు
మొదటి రోజు బాధేసింది, దాచను. నేను ఇచ్చింది చిల్లులేని నాణెం ధర. కానీ రెండు రోజులుగా ఆ గుండ్రమే చూస్తా ఉన్నా. తల నిటారుగా ఉండేట్టు పొడిచారు, అంటే ఎవరో తాడుకి గుచ్చి రాణి ముఖం బయటికి కనపడేట్టు మెళ్ళో వేసుకున్నారు. మన కుండలోవి కూడా కొన్ని అట్టా చిల్లులతోనే ఉన్నాయని రాశారు కదా. ఇది అక్కడిది కాదు, వెండిది, విదేశాల్లో వేలంలో కొన్నది, దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. అయినా నేను దీన్ని వెనక్కియ్యను.

దీనారి_మాషకం
ఇయ్యొద్దు. రికార్డులో మాత్రం రాయి, చిల్లు పొడిచి పూడ్చినది అని స్పష్టంగా, నీ తర్వాత ఎవరి చేతికి పోయినా తెలియాల. బరువెంత?

పెన్నా_గట్టు
3.12 గ్రాములు, 18 ఎంఎం.

గుండ్లకమ్మ_ఒడ్డు
పూడ్చినది వెండేనా, సీసం తగరం అతుకా అన్నది అంచు పక్కనుంచి తీస్తే కొంత తెలుస్తుంది. అతుకైతే కాలక్రమాన నల్లబడుతుంది, ఆరు నెలలకోసారి అదే దీపం కింద అదే కోణంలో ఒక ఫోటో తీసి పెట్టండి.

కావలి_లెన్స్
అంచు ఫోటోకి నాణేన్ని రెండు రబ్బరు ముక్కల మధ్య నిలబెట్టు, తీసిన వెంటనే తీసేయి, రబ్బరు పక్కన వెండిని వదిలేయొద్దు నల్లబడతది. గుండ్రం పైకి ఉండేట్టు పెట్టు.

పెన్నా_గట్టు
రేపు తెల్లారి మొదట అదే తీస్తా. మిగిలిన పదమూడు తర్వాత.